స్థానిక నాయకుడూ, విజ్ఞానసర్వస్వమూ

విజ్ఞానసర్వస్వంలో ఎవరి పేరుండాలి, ఎవరి పేరు ఉండనక్కరలేదు అన్నది పైకి సంపాదకుల గదిలో తేలిపోయే చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికది చరిత్రకు చెందిన ప్రశ్న. ఎవరు చేసింది చరిత్ర, ఎవరు చేసింది ఊరిగొడవ అని తీర్పు చెప్పే అధికారం ఎవరికున్నదో, రేపటి విద్యార్థి జ్ఞాపకం కూడా వారి చేతిలోనే ఉంటుంది.

నేడు మన విద్యార్థులు మొట్టమొదట చూసేది వికీపీడియా. ఇంగ్లీషులో అది 2001లో, తెలుగులో 2003 డిసెంబరులో మొదలయింది. రాజకీయ నాయకుల విషయంలో ఇంగ్లీషు వికీపీడియావారు ఒక నియమం రాసిపెట్టుకున్నారు. పార్లమెంటులోగాని, రాష్ట్ర శాసనసభలోగాని సభ్యుడైనవాడికి ఆ సభ్యత్వమే అర్హత. పురపాలక సంఘాధ్యక్షుడు, సర్పంచి, ఎన్నికల్లో నిలబడి ఓడినవాడు – వీరికి పదవిగాని పోటీగాని చాలదు. వీరితో సంబంధంలేని పత్రికలు, పుస్తకాలు వీరిని గురించి విపులంగా రాసి ఉండాలి. అంటే, సభలో అయిదేళ్లు నోరు విప్పని శాసనసభ్యుడికి తలుపు తెరిచే ఉంటుంది. ఊరికి మంచినీళ్లు తెచ్చిన సర్పంచి మాత్రం సాక్షుల్ని వెంటబెట్టుకుని రావాలి.

పూర్వం కాగితం కొరత ఉండేది. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వానికి పూనుకుని, అకారం దాటకముందే 1923లో కన్నుమూశారు. ఆయనకు ప్రతి పుటా ఖర్చే, ప్రతి పేరూ మరొక పేరును తోసేసేదే. ఇప్పుడా ఇబ్బంది లేదు. మరి ఈ కట్టుబాటు ఎందుకు?

ఎందుకో నాకు ఒక వ్యాసం చూశాక తెలిసివచ్చింది. తమ పట్టణంలోని ఒక వార్డు నాయకుణ్ణి గురించి ఎవరో రాసిన వ్యాసాన్ని మా విద్యార్థులు తెచ్చి, ఇది నిలుస్తుందా అని అడిగారు. చదివాను. ఆయన పుట్టినరోజు, ఆయన చేసిన అన్నదానాలు, ఆయన వెంట ఉన్న పెద్దల పేర్లు, చివర "పేదల పెన్నిధి" అనే బిరుదు. ఇచ్చిన ఆధారాలు నాలుగూ జిల్లా అనుబంధాల్లోని వార్తలే. నాలుగింటిలోనూ ఒకే వాక్యాలు. ఆయన కార్యాలయం పంపిన ప్రకటనే నాలుగుచోట్లా అచ్చయింది. ఇది నిలవదని చెప్పాను. నియమం లేకపోతే ఎన్నికల ముందు ఇటువంటివి వేలకొద్దీ వచ్చిపడతాయి. పూర్వం జమీందారులు కవుల్ని పోషించి వంశచరిత్రలు రాయించుకున్నారు. ఈ కాలపు నాయకుడు అదే పనిని అనుచరుడి చేత, ఖర్చు లేకుండా చేయించుకుంటాడు.

అయితే ఈ నియమానికి ఒక లోపం ఉన్నది. పత్రిక రాసినదే సాక్ష్యమయినప్పుడు, పత్రిక ఎవరిని చూస్తుందో వారే చరిత్రలోకి వస్తారు. మండలంలో వార్తలు రాసే విలేఖరికి జీతం అంతంతమాత్రం. ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా చాలాచోట్ల అతని మీదనే ఉంటుంది. ప్రకటన ఇచ్చేది గుత్తేదారు, రైసుమిల్లు యజమాని, కళాశాలల అధిపతి. స్థానిక నాయకుడు చాలాచోట్ల ఈ ముగ్గురిలో ఒకడు. "స్వతంత్ర ఆధారం" అన్న మాటలోని స్వాతంత్ర్యం ఎంతపాటిదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక్కడ చీరాల ఉదంతాన్ని పరిశీలించడం అవసరం. స్థానిక రాజకీయం అంటే ఏమిటో మన దేశంలో అంత స్పష్టంగా చూపిన ఘటనలు తక్కువ.

నాటి గుంటూరు జిల్లాలో, నేటి బాపట్ల జిల్లాలో, చీరాల పేరాలలు నేతగాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లు. అంతవరకు యూనియన్‌గా ఉన్న ఈ ఊళ్లను మద్రాసు ప్రభుత్వం 1919లో పురపాలక సంఘంగా మార్చింది. ఏడాదికి సుమారు 4,000 రూపాయలున్న పన్ను సుమారు 40,000 అయింది. మగ్గం మీద బతికేవాడికి ఇది నగర సౌభాగ్యం ఎలా అవుతుంది? జనం మాకీ మునిసిపాలిటీ వద్దన్నారు. కౌన్సిలర్లు రాజీనామా లిచ్చారు. ప్రభుత్వం జీతం మీద అధ్యక్షుణ్ణి నియమించి పని నడిపింది. పన్ను కట్టనివారిని జైలుకు పంపారు. అలా వెళ్లినవారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే స్త్రీ కూడా ఉన్నది. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చి, అహింసతో పన్నుల నిరాకరణ సాగించడం, లేదా ఊరు విడిచి పోవడం అనే రెండు మార్గాలు చూపాడు. ప్రజలు రెండో దానికి సిద్ధపడ్డారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఊరి పొలిమేర దాటి, పాకలు వేసుకుని, రామనగర్ అని పేరు పెట్టుకుని దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చి నిలిచారు. ఆ ఏడే గోపాలకృష్ణయ్యను నిర్బంధించి ఏడాది శిక్ష వేశారు. ఉద్యమం క్రమంగా సడలింది, జనం తిరిగి ఇళ్లకు వచ్చారు.

ఇప్పుడు పై నియమాన్ని ఈ మనుషులకు వర్తింపజేసి చూడండి. ఆనాడు స్థానిక స్వపరిపాలన మంత్రి పానగంటి రామరాయణింగారు, తరువాత పానగల్లు రాజా. ఆయన జమీందారు. మంత్రి కనుక ఆయనకు ప్రశ్న లేకుండా చోటున్నది. గోపాలకృష్ణయ్యకు పదవి అక్కరలేకపోయింది; ఆయన వాక్చాతుర్యం, ఆయన జైలు పత్రికలకెక్కాయి, చోటు దొరికింది. రాజీనామా చేసిన కౌన్సిలర్లు? వారు కేవలం పురపాలక సభ్యులు. వారి జీవితాలను గురించి ఎవరూ విపులంగా రాయలేదు. అలమేలుమంగమ్మ పేరయినా మిగిలింది, మగ్గం ఆపి పాకలోకి నడిచిన నేతగాడికి అదీ లేదు. ఉద్యమ చరిత్రలు రాసిన మన పెద్దలు కూడా నాయకుడి చాటువుల మీద పెట్టినంత శ్రద్ధ వీరి పేర్ల మీద పెట్టలేదు. ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు.

అలాగని ప్రతి కౌన్సిలరుకూ ఒక్కొక్క వ్యాసం రాయాలని నేననను. రాజీనామాను మినహాయిస్తే వారి జీవితంలో మనకు నికరంగా తెలిసిందేమీ లేదు. తెలియనిచోట రాస్తే అది కల్పనే. స్థానిక రాజకీయంలో చరిత్రకెక్కవలసింది తరచు ఒక చర్య, ఒక తీర్మానం, ఒక తగాదా. వ్యాసం దాని మీద ఉండాలి, మనుషుల పేర్లు అందులో, చేసిన పని పక్కన, తేదీతోసహా ఉండాలి. ఒక మనిషికి విడిగా వ్యాసం కావాలంటే నేను అడిగే ప్రశ్న ఇది: ఈయన ఉండబట్టి ఆ ఊళ్లో భూమి, నీరు, కూలి, పన్ను, బడి – వీటిలో ఏది మారింది? ఆ మార్పును ఆయన మనుషులు కాని వారెవరయినా నమోదు చేశారా? రెండూ కావాలి. మొదటిది లేకుండా రెండోది ఉంటే అది ఉత్త ప్రచారం. రెండోది లేకుండా మొదటిది ఉంటే, అక్కడ మనకు చేయవలసిన పని మిగిలి ఉన్నదని అర్థం.

మహిళా సర్పంచుల విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకు కేటాయించింది. తరువాత మన రెండు రాష్ట్రాల చట్టాలు దాన్ని సగానికి పెంచాయి. కాని చాలా ఊళ్లలో విలేఖరి మాట్లాడేది భర్తతోనే, ఫొటోలో ముందు నిలబడేదీ అతడే. రేపు ఆధారాలు వెతికితే పదవి ఆమెదిగా, చరిత్ర అతనిదిగా కనబడుతుంది. కాబట్టి అక్కడ పత్రిక కన్న గ్రామసభ తీర్మానాల పుస్తకం నమ్మదగినది. అందులో సంతకమైనా ఆమెది ఉంటుంది. సంతకం వెనుక నిర్ణయం ఎవరిదన్నది ఊళ్లోకి వెళ్లి అడిగి తెలుసుకోవలసిందే.

నియమాన్ని సడలించండి, పేదవాడి మీద దయ చూపండి అని వికీపీడియావారిని వేడుకోవడం మన పని కాదు. సడలించిన ద్వారంలోంచి ముందు దూరేది ఆ వార్డు నాయకుడే. ఆధారాలు లేనిచోట ఆధారాలు తయారుచేయడం మన పని. అంటే పుట్టించడమని కాదు, దొరికినదాన్ని పరిశీలించి అచ్చువేయడం. వృద్ధుల నోటిమాటను ఉన్నదున్నట్టు అక్కడ అంగీకరించరు. అదే మాటను ఒక అధ్యాపకుడు మరో ఇద్దరి మాటతో, కోర్టు కాగితంతో, పురపాలక రికార్డుతో సరిచూసి ప్రచురిస్తే అంగీకరిస్తారు. ఈ సరిచూడడంలో మనవారికీ మినహాయింపు ఉండకూడదు. మన సంఘాలు వేసే సంస్మరణ సంచికల్లో కూడా అమరుడైన ప్రతి కార్యకర్తా పుట్టుకతోనే చైతన్యవంతుడు, ఒక్క తప్పూ చేయనివాడు. ఆ సంచికలు ఆ వార్డు నాయకుడి ప్రకటనకన్న ఎక్కువ స్వతంత్రమైనవని నేను వాదించలేను.

ఆ విద్యార్థులను ఇప్పుడు వారి పట్టణ పురపాలక సంఘం పాత తీర్మానాలు చూడమన్నాను. నీటిపన్ను పెంచిన సమావేశాలు ఎన్ని, ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎవరు అసమ్మతి రాయించారు, ఆ రోజు సభకు రానివారెవరు – ముందు ఇవి రాసుకోవాలి. ఆ వార్డు నాయకుడి పేరు వీటిలో ఎక్కడయినా తగిలితే, పట్టణాన్ని గురించిన వ్యాసంలో, నీటి సరఫరా అనే శీర్షిక కింద, ఆయనకొక వాక్యం ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.