షిబ్‌పూర్ బొటానిక్ గార్డెన్: అసలు మాను లేని మర్రిచెట్టును పిల్లలకు ఎలా చూపించాలి?

కోల్‌కతా వెళ్లిన కుటుంబాలు పిల్లలను సాధారణంగా అలీపూర్ జూకో, సైన్స్ సిటీకో తీసుకెళ్తుంటాయి. హుగ్లీ నదికి అవతలి ఒడ్డున, హావ్‌డా నగరంలోని షిబ్‌పూర్‌లో ఉన్న బొటానిక్ గార్డెన్‌కు వెళ్లేది ఎక్కువగా ఒక్క చెట్టును చూడటానికే. అదే మహామర్రి.

దాని ముందు నిలబడిన పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: ‘‘ఇందులో అసలు చెట్టు ఏది?’’

అసలు మాను ఇప్పుడు లేదు. దాన్ని 1925లోనే తొలగించారు. అయినా చెట్టు బతికే ఉంది, ఇంకా పెరుగుతోంది. అదెలా సాధ్యమో పిల్లలకు అర్థమైతే, ఈ తోటకు వెళ్లిన ప్రయోజనం చాలావరకు నెరవేరినట్లే.

ఏమిటీ తోట?

ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి రాబర్ట్ కిడ్ చొరవతో 1787లో ఇది మొదలైంది. అప్పటి ఉద్దేశం వినోదం కాదు. ఓడలకు కావాల్సిన టేకు, వ్యాపారానికి పనికొచ్చే సుగంధ ద్రవ్యాలు, కరవులో ఆకలి తీర్చే పంటలు ఇక్కడ పెరుగుతాయో లేదో చూడాలనుకున్నారు. అందుకే స్థానికులు దీన్ని ‘కంపెనీ బాగాన్’ అని పిలిచేవారు.

1963 నుంచి ఇది బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా నిర్వహణలో ఉంది. మొక్కల స్పందనలను పరికరాలతో కొలిచి చూపిన శాస్త్రవేత్త జగదీశ్ చంద్రబోస్ పేరును 2009లో పెట్టారు. విస్తీర్ణం సుమారు 270 ఎకరాలు. ఒకదానితో ఒకటి కలిసిన చెరువులు, తాటి జాతి చెట్ల తోటలు, వెదురు పొదలు ఉన్నాయి. ఎండబెట్టిన మొక్కల నమూనాలను లక్షల సంఖ్యలో భద్రపరిచిన జాతీయ హెర్బేరియం కూడా ఇక్కడే ఉంది.

మాను పోయినా చెట్టు ఎలా బతికింది?

ఈ మర్రి వయసు 250 ఏళ్లకు పైనే ఉంటుందని అంచనా. 1864, 1867 తుపాన్లు దీన్ని దెబ్బతీశాయి. విరిగిన చోట శిలీంధ్రం సోకి మాను లోపలి నుంచి కుళ్లింది. సుమారు 50 అడుగుల చుట్టుకొలత ఉన్న ఆ మానును 1925లో తొలగించక తప్పలేదు.

అప్పటికే కొమ్మల నుంచి దిగిన ఊడలు నేలలో పాతుకుని స్తంభాల్లా మారాయి. కొమ్మల బరువు మోసేవి, మట్టిలోంచి నీళ్లు లాగేవి అవే. అందువల్ల నడిమి మాను పోయినా ఆహారం, ఆధారం ఆగిపోలేదు. ఇప్పుడు 3 వేలకు పైగా ఊడలతో 4 ఎకరాలకు మించి పరుచుకుంది. దూరం నుంచి చూస్తే చిన్న అడవిలా కనిపించేదంతా ఒకే చెట్టు. దాని చుట్టూ ఒకప్పుడు 330 మీటర్ల పొడవున రోడ్డు వేశారు. చెట్టు ఆ రోడ్డును కూడా దాటి పెరిగింది.

2020 మేలో వచ్చిన అంఫన్ తుపాను తోటలో వందలాది చెట్లను కూల్చింది. మహామర్రి కూడా కొన్ని ఊడలను కోల్పోయింది. అయినా నిలబడింది.

మర్రిపండ్లు కనిపిస్తే మరో విషయం చెప్పవచ్చు. మర్రి, రావి, మేడి, జువ్వి ఒకే ప్రజాతికి చెందినవి. వీటి పూలు కాయ లోపలే ఉంటాయి. సన్నని కందిరీగలు లోపలికి దూరి పరాగాన్ని మోసుకెళ్తాయి. వేమన పద్యం వల్ల మేడిపండులోని పురుగులంటే ఏవగించుకునే పిల్లలకు, ఆ పురుగులు లేకపోతే ఈ చెట్లకు విత్తనాలే ఉండవని తెలియడం ఆశ్చర్యంగానే ఉంటుంది.

కంచె ఎందుకు?

మహామర్రి చుట్టూ కంచె ఉంది. ఊడలు పట్టుకుని ఊగాలని వచ్చిన పిల్లలకు ఇది నిరాశే. ఎందుకు ఊగకూడదో చెప్పడానికి తెలుగువారికి సొంత ఊళ్లోనే ఉదాహరణ ఉంది.

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి దాదాపు 3 ఎకరాల్లో విస్తరించిన వృక్షం. ఏళ్ల తరబడి జనం దాని కొమ్మలెక్కారు, బెరడుపై పేర్లు చెక్కారు. మరోవైపు చెదలు తొలిచాయి. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడటంతో అధికారులు సందర్శకులను ఆపేశారు. చెదల మందును ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించినట్లు చుక్కలు చుక్కలుగా చెట్టులోకి పంపించారు.

వేలమంది తొక్కిన నేల గట్టిపడుతుంది. గాలి, నీరు వేళ్లకు సరిగా అందవు. లేత ఊడను లాగి తెంపితే, రేపు కొమ్మను మోయాల్సిన స్తంభం ఒకటి తగ్గిపోతుంది. షిబ్‌పూర్‌లో కంచె చేస్తున్న పని వీటిని ఆపడమే.

విస్తీర్ణంలో దీనికంటే పెద్ద మర్రి కూడా మన దగ్గరే ఉంది. కదిరి సమీపంలోని తిమ్మమ్మ మర్రిమాను 5 ఎకరాలకు పైగా వ్యాపించి 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది.

సామర్లకోట నుంచి వచ్చిన వైద్యుడు

ఈ తోటకు తెలుగు నేలతో గట్టి బంధం ఉంది. కిడ్ తర్వాత 1793లో బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు పదేళ్లకు పైగా సామర్లకోటలో కంపెనీ వైద్యుడు. అక్కడ ప్రయోగాత్మక తోట పెంచాడు, వాతావరణ వివరాలను క్రమం తప్పకుండా రాసుకున్నాడు, భారతీయ చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు. వాటితో వచ్చిన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ తొలి సంపుటం 1795లో వెలువడింది. మొక్కల తెలుగు పేర్లను కూడా అతను నమోదు చేశాడు. ‘సోమిద’ అనే చెట్టుకు శాస్త్రీయ నామం ‘సోయ్‌మిడా’ రావడానికి మూలం ఆ తెలుగు పేరే. హుగ్లీ ఒడ్డున రాక్స్‌బర్గ్ నివసించిన ఇల్లు ఇప్పటికీ తోటలో ఉంది.

ఇంకా ఏం చూడాలి?

మర్రిని చూసి వెనుదిరిగితే మిగతా తోట చూడనట్లే. పిల్లలను ఆకట్టుకునేవి మరో మూడు ఉన్నాయి.

- పిచ్చి చెట్టు: దీని ఆకుల్లో ఒకదాని ఆకారం మరోదానిలా ఉండదు. కింద రాలిన ఆకుల్లో ఒకేలా ఉన్న రెండింటిని వెతకమంటే పిల్లలకు అది మంచి ఆట.

- కృష్ణుడి వెన్నగిన్నె: మర్రిలోనే ఒక రకం. ఆకు అడుగుభాగం ముడుచుకుని చిన్న దొప్పలా ఉంటుంది. కృష్ణుడు వెన్న దాచుకున్నాడన్న కథతో ఆ పేరు వచ్చింది.

- అమెజాన్ పెద్ద తామర: పళ్లెంలా అంచులు పైకి లేచిన ఆకులు మీటరుకు మించి పెరుగుతాయి. ఆకు అడుగున ముళ్లుంటాయి. పువ్వు మొదటి రాత్రి తెల్లగా విచ్చుకుని, రెండో రోజుకు గులాబీ రంగులోకి మారుతుంది.

వెళ్లే ముందు

హావ్‌డా స్టేషన్ నుంచి తోట సుమారు 8 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవారు దిగే షాలిమార్ స్టేషన్ ఇంకా దగ్గర. సోమవారాలు సెలవు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు అనుకూలం. మిగతా నెలల్లో ఉక్కపోత ఎక్కువ కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు.

గేటు నుంచి మహామర్రి వరకు చాలా దూరం నడవాలి. చిన్న పిల్లలతో ఒకే పూటలో తోటంతా చూడాలనుకోకపోవడం మంచిది. నీళ్లు, టోపీ, దోమల మందుతో పాటు ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోవాలి. ఆకులు, పూలు కోయనివ్వకూడదు. చూసిన ఆకును బొమ్మగా వేయమంటే చాలు. రెండు శతాబ్దాల క్రితం సామర్లకోట చిత్రకారులు చేసిన పని కూడా అదే.