సైనస్ ఆస్టియోమా: దీర్ఘకాలిక ఫలితాలు

ముక్కు చుట్టూ ఉండే గాలి గదుల్లో, ఎక్కువగా నుదుటి సైనస్‌లో, పెరిగే క్యాన్సర్ కాని ఎముక గడ్డ ఆస్టియోమా. తలనొప్పికో, దెబ్బ తగిలిందనో తీసిన సీటీ స్కాన్‌లో అనుకోకుండా బయటపడుతుంది. నల్లటి గాలి గదిలో అది మార్కాపురం పలక మీద బలపంతో పెట్టిన చుక్కలా తెల్లగా కనిపిస్తుంది. పశ్చిమ ప్రకాశంలో ఎముక పెరిగిందంటే అనుమానం ముందు నీళ్ల మీదికే పోతుంది. అందులో వింతేమీ లేదు: నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్ మీద 1937లో నివేదిక వచ్చింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే, ఇక్కడి కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా ఆ జిల్లావే. కానీ ఫ్లోరైడ్ వెన్నెముకను, కటి ఎముకలను, కీళ్ల కట్లను విస్తారంగా గట్టిపరుస్తుంది; ఆస్టియోమా ఒకే చోట హద్దు గీసుకుని పెరుగుతుంది. నీళ్లు మార్చడం మంచిదే, ఈ గడ్డకది వైద్యం కాదు.

ఉన్నట్టు తెలిశాక తీసేస్తే పోలేదా అంటారు. గిద్దలూరు నుంచి స్కాన్ కోసం మళ్లీ మళ్లీ ఒంగోలుకో కర్నూలుకో తిరగడం ఖర్చే. అయినా లక్షణాలు లేని చిన్న గడ్డను గమనిస్తూ ఉండటమే మేలు. చాలావాటి పెరుగుదల ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లే, క్యాన్సర్‌గా మారవు. శస్త్రచికిత్సకేమో కంటికీ మెదడుకీ పక్కనే డ్రిల్లు పెట్టాలి. అయితే సైనస్ దారి మూసుకుపోయి చీమిడి గడ్డ కట్టినా, కన్ను ముందుకు పొడుచుకొచ్చినా వాయిదా తగదు. మొత్తం తీసేస్తే తిరిగి రావడం అరుదు. గడ్డలు చాలా ఉంటే మాత్రం పెద్దపేగు పరీక్ష చేయించాలి: అది గార్డ్‌నర్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు కావచ్చు, అందులో క్యాన్సర్ వచ్చేది అక్కడ.