కొలతకి చేసిన కుర్చీ

ఒరేయ్, ఆగరా, దాన్ని మంటలో వెయ్యకు. భోగి మంటకి పిడకల దండలున్నాయి, తాటి మట్టలున్నాయి, విరిగిన మంచంకోళ్ళున్నాయి, చాలవా? ఇలా తే. అటక మీద పడుందని పనికిరాని చెక్క అనుకున్నావు. నా చేత్తో ఎన్నో కుర్చీలు చేశాను, అన్నిటికీ కొలత ఒకటే. కూర్చునేవాణ్ణి కొలిచి చేసిన మొదటి కుర్చీ మాత్రం ఇదే.

కూర్చోండి, చెప్తాను. పొగ అటెళ్తోంది, ఇటు రండి.

మా రోజుల్లో ఏ ఊరెళ్ళినా పోలియో పిల్లలు కనపడేవారు. జొరం వచ్చేది, ఒళ్ళు కాలిపోయేది, తగ్గేది. హమ్మయ్య అనుకునేలోపు కాలు వేలాడిపోయేది. తొడ కండ చచ్చుబడితే మోకాలు నిలవదు, ముందుకి మడత పడిపోతుంది. అందుకని అడుగేసినప్పుడల్లా చేత్తో తొడని వెనక్కి నొక్కిపట్టుకుని నడిచేవారు. ఒక చెయ్యి ఆ పనికే పోయేది, పలకా పుస్తకం రెండో చేత్తోనే. రెండు కాళ్ళూ పోయినవాళ్ళు అరచేతులకి హవాయి చెప్పులు తొడుక్కుని పాకేవారు. వానాకాలం కాలవ గట్టు మీద మనకే కాలు నిలవదు, వాళ్ళ సంగతి చెప్పాలా? కోటిపల్లి రేవులో పంటు ఎక్కాలంటే ఎవరో ఒకరు భుజాన వేసుకోవలసిందే.

పట్నం తీసుకెళ్తే ఇనప కాలిపర్లు ఇచ్చేవారు. రెండు కడ్డీలు, తోలు పటకాలు, అడుగున బూటు. పిల్లాడి బలమంతా వాటిని ఈడ్చుకోడానికే సరిపోయేది. పైగా మన నేల సంగతి తెలుసుగా, ఒక్క వర్షాకాలం తిరిగేసరికి కడ్డీకి తుప్పు, తోలుకి బూజు. చాలామంది వాటిని గోడకి తగిలించేసి మళ్ళీ పాకుడే.

మన భీమవరంలో 1939లో పుట్టిన సుంకర వెంకట ఆదినారాయణరావుగారని ఎముకల డాక్టరు ఉన్నారు. విశాఖపట్నంలో స్థిరపడి, పోలియో పిల్లలకి ఆపరేషన్లు చెయ్యడమే పనిగా పెట్టుకున్నారు. ఊరూరా శిబిరాలు పెట్టి ఉచితంగా చేసేవారు. పద్మశ్రీ ఇచ్చారు, 2022లో. అంత ఆలస్యమెందుకో నాకైతే అర్థం కాదు. ఆపరేషనంటే చచ్చిన కండని బతికించడం కాదురా. ఏళ్ళ తరబడి పాకిన పిల్లాడికి మోకాలి వెనక కండరాలు కురచైపోయి కాలు చాపుకి రాదు. వాటిని వదులు చేసి కాలు తిన్నగా చేస్తే, అప్పుడు గానీ కాలిపరు పట్టదు. డాక్టరు పని అయ్యాక కూడా ఎవరో ఒకరు కొలతపెట్టి ఏదో ఒకటి చెయ్యాల్సిందే.

అలా చేసినవాళ్ళలో ఒకాయన మీకు తెలిసినాయనే, అబ్దుల్ కలాంగారు. నవ్వకండి, రాకెట్ల కలామే. వాళ్ళ నాన్నగారు రామేశ్వరంలో యాత్రికుల్ని దాటించడానికి చెక్క పడవ కట్టారు, ఆ కట్టడం చూస్తూ పెరిగాడాయన. పడవ చేసినవాడి కొడుకంటే నాలాంటి వడ్రంగికి కాస్త చనువు, అంతే. 1982లో హైదరాబాదులో క్షిపణుల ల్యాబు డీఆర్‌డీఎల్‌కి డైరెక్టరుగా వచ్చారు. అగ్ని క్షిపణి కోసం బాగా తేలికైన పదార్థం తయారుచేశారు అక్కడ. నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరొకాయన ల్యాబు చూడ్డానికెళ్ళి, దాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని కలాంగారిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ చిన్నచిన్న పిల్లలు మూడు కిలోలకి పైబడిన ఇనుము ఈడ్చుకుంటున్నారు. మూడు వారాల్లో మూడొందల గ్రాముల కాలిపర్లు చేసి పట్టుకెళ్ళామని, వాటితో పిల్లలు నడుస్తుంటే తల్లిదండ్రులు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని ఆయనే తరవాత చాలాచోట్ల చెప్పుకున్నారు. తన జీవితంలో గొప్ప ఆనందాల్లో దాన్నొకటిగా లెక్కేసుకున్నారు. నన్నడిగితే అగ్ని కన్నా అదే పెద్ద పని.

దాని కిటుకు చెప్తాను, మీరు మెచ్చుకుంటారు. చీలమండ దగ్గర కదలనివ్వదు. మోకాలి కింద, ముందువైపు ఒక పలక ఉంటుంది. పాదం మోపగానే నేల ఎదురుతన్ను తంతుంది కదా, ఆ తన్ను ఆ పలక మీదుగా మోకాలిని వెనక్కి నెడుతుంది. ఇదివరకు పిల్లాడి చెయ్యి చేసిన పని నేలే చేసిపెడుతుందన్నమాట! చెయ్యి ఖాళీ. అయితే అది కాలికి అంటుకున్నట్టు ఉండాలి. ఇలాంటివి చెయ్యాలంటే కాలికి పీవోపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, కట్టు కట్టి, గట్టిపడ్డాక కోసి తీసి, ఆ డొల్లలో మళ్ళీ పీవోపీ పోస్తారు. కాలి అచ్చు వస్తుంది. వేడిచేసిన ప్లాస్టిక్ రేకు దాని మీద పరిచి సాగదీస్తారు. ఒకడి అచ్చు ఇంకొకడికి పట్టదు. పిల్లాడు పెరిగితే వాడికీ పట్టదు, మళ్ళీ మొదలు.

పోలియో తగ్గింది. 1995 నుంచి పల్స్ పోలియో చుక్కలేశారు, 2014 మార్చిలో దేశంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాయితమిచ్చింది. కానీ పుట్టేటప్పుడు ఊపిరాడక మెదడు దెబ్బతిన్న పిల్లలున్నారు, వాళ్ళకి చుక్కల్లేవు. మన వీధి చివరింటి మనవడు అలాంటివాడే. కాళ్ళు రెండూ కత్తెరేసుకుపోయి బిగుసుకునేవి, తల వెనక్కి పడిపోయేది, చేతులు కాస్త నయం. ఏదో శిబిరంలో చక్రాల కుర్చీ ఇచ్చారు, పెద్దవాళ్ళది! అందులో ఈ నాలుగేళ్ళ పిల్లాడు ఒకవైపుకి ఒరిగిపోయి ఉండేవాడు. నడుం వంకర తిరిగిపోతోందని వాళ్ళమ్మ ఏడుపు.

కాకినాడ నుంచి ఫిజియోథెరపీ చేసే అమ్మాయొకతి వచ్చేది. డేవిడ్ వెర్నర్ అనే అమెరికా ఆయన వికలాంగ పిల్లల గురించి 1987లో వేసిన పుస్తకం తెచ్చింది. ‘వైద్యుడు లేని చోట’ రాసినాయనే. ఆయనకీ కాళ్ళు బలహీనమే, చిన్నప్పుడు సరిపడని పట్టీలు తొడిగి ఇంకా పాడుచేశారట. మెక్సికోలో ఒక పల్లెలో వికలాంగుల చేతే చక్రాల కుర్చీలు చేయించేవాడు. పుస్తకం నిండా బొమ్మలే. ఇంగ్లీషు రాకపోయినా నాకు సగం అర్థమైపోయింది.

ఈ కుర్చీ కోసం పిల్లాణ్ణి నేల మీద కూర్చోబెట్టి కొలిచాను. తుంటి ఎంత వెడల్పు, వీపు నుంచి మోకాలి వెనక దాకా ఎంత, మోకాలి నుంచి మడమకి ఎంత. వీపు చెక్కలు రెండు, మూలమట్టం పెట్టి గోడ మూలలో కలిసినట్టు కలిపాను. ఇదిగో చూడు, అలా ఉంటే భుజాలు ముందుకొస్తాయి, తల వెనక్కి కొట్టదు. మోకాళ్ళ మధ్య ఈ చిన్న దిమ్మ కాళ్ళు కత్తెర పడకుండా. ముందు బల్ల. మొదటిరోజు దిమ్మ ఒరుసుకుని ఏడిస్తే చిత్రిక పట్టి గుండ్రం చేసి పాత దుప్పటి చుట్టాను. మూడో రోజుకి రెండు చేతులూ బల్ల మీద పెట్టి అటుకులు తనంతట తనే తిన్నాడు. వాళ్ళ నాయనమ్మ ఊరంతా పిలిచి చూపించింది.

రెండేళ్ళకి ఇది ఇరుకైపోయింది. అప్పుడు సైకిల్ షాపు వాడూ నేనూ కలిసి ఇంకోటి చేశాం, చక్రాలతో. పిల్లల సైకిలు చక్రాలు రెండు, ముందు చిన్న గిలకలు. సిమెంటు రోడ్డు మీద వదిలితే వాడు చేత్తో తిప్పుకుంటూ తిన్నగా పోయి పక్కింటి పందెం కోడి మీదకి తోలాడు. సంక్రాంతికి బాదంపప్పు పెట్టి మేపుతున్న పుంజు మరి! పక్కింటాయన పరిగెత్తుకొచ్చాడు. పిల్లాణ్ణి ఒక్క మాట అనలేదు, నా మీదే పడ్డాడు: బండి చేసినవాడివి బ్రేకు పెట్టవేంటయ్యా అని. నిజమే కదా, సాయంత్రానికి పెట్టేశాను.