పునరుత్పాదక విద్యుత్ విధానం - తెలుగు రాష్ట్రాల్లో చర్చ

ఎండ, గాలి, ఊక, చెరకు పిప్పితో తయారయ్యే కరెంటును ప్రోత్సహించాలా వద్దా అన్నదానిపై తెలుగు నేలలో పెద్ద తగవేమీ లేదు. తగవంతా యూనిట్ ధర గురించే. ఆ భారం ఎవరి మీద పడాలి, ఒకసారి రాసుకున్న కొనుగోలు ఒప్పందాన్ని తిరగదోడవచ్చా అన్నవే అసలు ప్రశ్నలు. ఎన్నికల సభల్లో కంటే విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) విచారణల్లో, కోర్టుల్లోనే ఈ వాదన లోతుగా సాగింది.

మొదటి తగవు ఉమ్మడి రాష్ట్రంలోనిది. 1997లో ప్రభుత్వం ఇలాంటి కరెంటుకు యూనిట్‌కు రూ.2.25 ఖరారు చేసింది. 1994-95ను ఆధార సంవత్సరంగా తీసుకుని ఏటా 5 శాతం పెంచుతామంది. బయోమాస్, చెరకు పిప్పి ప్లాంట్లు ఆ హామీతోనే అప్పులు తెచ్చుకున్నాయి. 2001లో ఈఆర్‌సీ ఈ కరెంటును ప్రభుత్వ విద్యుత్ సరఫరా సంస్థ ట్రాన్స్‌కోకే అమ్మాలంది. 2004లో ధరలు తగ్గించింది. ప్రభుత్వం మాట తప్పిందని ఉత్పత్తిదారులు వాదిస్తే, 2004 ఏప్రిల్ తర్వాత ధరను సమీక్షిస్తామని ఒప్పందంలోనే ఉందని ట్రాన్స్‌కో బదులిచ్చింది. 2006లో విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉత్పత్తిదారుల పక్షాన తీర్పిచ్చింది. 2010లో సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టి, వ్యవహారాన్ని మళ్లీ ఈఆర్‌సీకే పంపింది. ఒప్పందపు పాఠాన్ని చూస్తే ట్రాన్స్‌కో వాదనకే బలం ఎక్కువనిపిస్తుంది.

రెండోది 2019 నాటిది. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త ప్రభుత్వం జులై 1న జీవో 63తో ఉన్నతస్థాయి సంప్రదింపుల కమిటీ వేసి, పవన, సౌర ఒప్పందాల ధరలు తగ్గించాలంది. అధిక ధరలతో విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) మునిగిపోతున్నాయన్నది ప్రభుత్వ వాదన. సంతకాల నాటికి పరికరాల ధరలే ఎక్కువన్నది కంపెనీల జవాబు. అప్పటి కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె.సింగ్ ఒప్పందాలు తిరగదోడొద్దని రాష్ట్రానికి లేఖలు రాశారు. సెప్టెంబరులో హైకోర్టు జీవోను కొట్టేసినా, విషయాన్ని ఈఆర్‌సీకి వదిలి, అంతవరకు పవన విద్యుత్‌కు రూ.2.43, సౌర విద్యుత్‌కు రూ.2.44 చొప్పున చెల్లించమంది. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం ఒప్పంద ధరే ఇవ్వాలని తేల్చింది. రెండు తగవులనూ ఒకే గాటన కట్టేవారున్నారు గానీ అది సరికాదు. 2004లో ధర మార్చింది సమీక్షాధికారం ఉన్న ఈఆర్‌సీ. 2019లో పూనుకున్నది ప్రభుత్వం వేసిన కమిటీ.

తెలంగాణ దారి వేరు. 2015 సౌర విధానం తర్వాత పెద్ద పార్కులకు బదులు, జిల్లాల్లోని సబ్‌స్టేషన్ల దగ్గరే ప్లాంట్లు వెలిశాయి. దీనివల్ల లైన్లలో నష్టం తగ్గుతుందంటారు. అదే కాలంలో మణుగూరు, దామరచర్లల్లో బొగ్గు కేంద్రాలు కట్టడం విమర్శలకు గురైంది. రెండూ కావాలన్న సమర్థన కూడా లేకపోలేదు: ఎండ పోయాక కరెంటు ఎక్కడిదన్న ప్రశ్నకు నిల్వ సదుపాయం లేనంతకాలం బొగ్గే జవాబు. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ కేంద్రం ఆ జవాబుకు నిలువెత్తు సాక్ష్యం.

మహబూబాబాద్ జిల్లా కేసముద్రం వంటి మక్క, వరి, మిర్చి మార్కెట్ల చుట్టుపక్కల ఈ చర్చ బోరు మోటారు దగ్గరికి వస్తుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అమలైంది. అంతకుముందే ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా చెప్పారు. కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు దానంతటదే నడిస్తే భూగర్భజలం అడుగంటుతుందన్నది వారి భయం. బిల్లే లేని మోటారుకు సోలార్ పంపు ఎందుకన్న రైతు ప్రశ్నకు విధానపత్రాలు సూటిగా బదులివ్వలేదు. రైతుల సౌర విద్యుత్ కోసం కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకం మొదటి భాగం మాత్రం ఆ ప్రశ్నను తిప్పేసింది. బీడు భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టి రైతే డిస్కంకు కరెంటు అమ్మవచ్చు. మెగావాటుకు నాలుగెకరాలకు పైబడి భూమి, కోట్ల పెట్టుబడి కావాలి గనుక చిన్న రైతుకు అది అందదన్న విమర్శ న్యాయమైనదే.

2025 జనవరిలో తెలంగాణ తెచ్చిన క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ 2030 నాటికి మరో 20,000 మెగావాట్లు లక్ష్యంగా పెట్టుకుంది. అదే ఏడాది మే 18న మాచారం గ్రామంలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం పథకం 2.10 లక్షల గిరిజన రైతులకు సోలార్ పంపులతో సాగునీరు ఇస్తామంది. లంబాడా, కోయ రైతులు ఎక్కువగా ఉన్న మహబూబాబాద్ జిల్లాకు ఏ పాలసీ పత్రం కంటే ఇదే దగ్గరి విషయం.

డిస్కం ఏటా దాఖలు చేసే ఆదాయ అవసరాల నివేదికలో ఈ కొనుగోళ్ల ఖర్చంతా ఉంటుంది. దానిపై ఏ వినియోగదారుడైనా, కేసముద్రం రైతు సహా, ఈఆర్‌సీకి రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడవచ్చు.