ఇన్ఫర్మేషన్‌కు ‘ఎస్’ తగిలిస్తే తప్పేనా?

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కాలేజీలకు కొదవ లేదు. ఏ ఇంగ్లిషు క్లాసులోనైనా సరే, ఇన్ఫర్మేషన్స్, ఫర్నిచర్స్, లగేజెస్ అని రాస్తే ఎర్ర సిరా పడుతుంది. అవి లెక్కపెట్టరాని నామవాచకాలట; చివర ‘ఎస్’ చేరదు, ముందు ‘ఎవ్రీ’ నిలవదు. ఈ తీర్పు వయసెంతో ఎవరూ అడగరు.

వయసు పెద్దదేం కాదు. నామవాచకాల్లో ‘కౌంటబుల్స్’ అంటూ ఒక తెగను విడదీసి, 1914లో వివరంగా చర్చించినవాడు డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్. ఇంగ్లిషు ఆయన మాతృభాష కాదు. పరాయి భాషగా నేర్చుకున్నవాళ్లకే ఇలాంటి మెలికలు కంటబడతాయి కాబోలు! జపాన్‌లో పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ మరో ఇద్దరితో కలిసి, అక్కడి విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని నిఘంటువు కూర్చాడు. అది 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్ని తిరిగి వేశారు. నామవాచకాల పక్కన ‘సీ’, ‘యూ’ గుర్తులతో మన పిల్లల చేతుల్లో కనిపించే అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే.

మాటలు మాత్రం ఈ గీతకు ఎప్పుడూ కట్టుబడలేదు. బఠానీలను ఒకప్పుడు ‘పీజ్’ అని రాశిగానే అనేవారు. వినడానికి బహువచనంలా ఉందని పదిహేడో శతాబ్దంలో జనం తోక కోసి ‘పీ’ని తయారుచేశారు. ‘న్యూస్’ది ఎదురు నడక: బహువచనంగా మొదలై ఏకవచనంలో స్థిరపడింది.

మన దగ్గరా ఇంతే. వడ్లు, కందులు, పెసలు, పాలు, నీళ్లు నిత్య బహువచనాలు. బంగారం, వెండి నిత్య ఏకవచనాలు. బియ్యం వ్యాకరణంలో ఏకవచనమే కానీ, ఇంట్లో డబ్బా ఖాళీ అయితే ‘బియ్యం అయిపోయినయ్’ అనే వినిపిస్తుంది. వడ్లను దంచితే వచన నియమం కూడా పొట్టులా ఊడిపోతుందన్నమాట.

అసలు తమాషా చట్టంలో ఉంది. 1998లో మొదలైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. 2024 దాకా అమల్లో ఉండి, అక్కడి విద్యార్థులు చదువుతూ వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, ఎఫ్ఐఆర్‌కు ఆధారంగా నిలిచిన 154వ సెక్షన్ మొదలయ్యేదే ‘ఎవ్రీ ఇన్ఫర్మేషన్’ అని! 1898 కోడ్‌లోనూ అంతే, 1973 కోడ్‌లోనూ అంతే. దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ సైతం ఆ మాటను వదల్లేదు. ఇంగ్లండు కోర్టుల పాత వాడుకలో ‘ఇన్ఫర్మేషన్’ అంటే ఒక ఫిర్యాదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టదగినదే. విద్యార్థి రాసిన ‘ఇన్ఫర్మేషన్స్’కు అంత ఘనమైన వంశముంది. పరీక్షలో మార్కులు రావు, అది వేరే సంగతి.

లా చదివేవాళ్లకు ‘ఎస్’ మీద ఇంకో గండం కూడా ఉంది. ‘డ్యామేజ్’ అంటే జరిగిన నష్టం. ‘డ్యామేజెస్’ అంటే కోర్టు ఇప్పించే పరిహారం, రూపాయల్లో తేలేది. కక్షిదారు తరఫున దావాలో అడగాల్సింది రెండోదాన్ని.