జౌహర్ ఎవరిది?

పోయిన నెల మా చిన్నోణ్ణి తీసుకుని సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్లాను. ఆయుధాల గదిలో ఒక తల్వార్ ముందు వాడు ఆగిపోయాడు. ఆ కత్తి పలక మీద నీళ్లు కదులుతున్నట్టు సన్నటి అలలు. పక్కనే ఒకాయన తన పిల్లలకు చెబుతున్నాడు: "ఇవన్నీ బయటినుంచి వచ్చినోళ్లు తెచ్చినవే." కోపంగా ఏం కాదు, మామూలుగానే చెప్పాడు. కానీ ఇంటికి వస్తుంటే బస్సులో మావాడు అడిగాడు: "అబ్బా, ఆ తల్వార్ మనదా, బయటిదా?"

ఆ సవాల్‌కు జవాబ్ రెండు స్టాపుల మధ్యలో చెప్పేంత చిన్నది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ అలలకు ఉర్దూలో ఒక పేరుంది: జౌహర్. "తల్వార్ కే జౌహర్ దిఖానా" అనే ముహావరాను మేం స్కూల్లో బట్టీ పట్టాం. పరాక్రమం చూపించడమని ఉస్తాద్ అర్థం చెప్పారు. ఉక్కు మీద కనిపించే ఆ అలల్నే జౌహర్ అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. అది పైన చెక్కిన నగిషీ కాదు, లోహం లోపలి గుణం పైకి తేలి కనిపించడం. యూరప్ వాళ్లు దీనికి డమాస్కస్ స్టీల్ అని పేరు పెట్టారు. అంటే దమిష్క్ పేరు. ఆ నగరం ఈ కత్తులకు పెద్ద బజార్. కత్తి కొట్టిన కారీగర్లు అక్కడా ఉన్నారు, ఇరాన్‌లోనూ ఉన్నారు. మరి ఆ ఫౌలాద్ ఎక్కడిది?

చాలావరకు మన దక్షిణాదిది, సింహళానిది. పద్ధతి ఇది. ఇనుప ముక్కల్ని, కొంత కట్టెనో ఆకుల్నో మట్టి మూసలో పెట్టి మూత మూసేస్తారు. వేడికి పగలకుండా మూస మట్టిలో ఊక కలిపేవాళ్లు. కొలిమిలో పెట్టి, తిత్తులు ఊదుతూ గంటల తరబడి కాలుస్తారు. లోపల ఇనుము కర్బనాన్ని పీల్చుకుని కరుగుతుంది. మెల్లగా చల్లారనిస్తే చిన్న ఉక్కు ముద్ద దొరుకుతుంది. అందులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం. దాన్ని మరీ ఎర్రగా కాల్చకుండా, ఓపికగా కొడితేనే జౌహర్ నిలుస్తుంది. యూరప్ కమ్మర్లు తమ అలవాటు ప్రకారం తెల్లగా మండేదాకా కాల్చి కొడితే ముద్ద పగిలిపోయేది.

ఈ ఉక్కు కీర్తి ఇస్లాం కన్నా ఎన్నో వందల ఏళ్ల ముందుది. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దం చివర ఇరాన్ పాదుషా దర్బార్‌లో ఉన్న గ్రీకు హకీమ్ టీసియస్, హింద్ ఇనుముతో చేసిన రెండు కత్తులు తనకు కానుకగా దొరికాయని రాసుకున్నాడు. ఒకటి పాదుషా ఇచ్చింది, రెండోది ఆయన అమ్మీ ఇచ్చింది. క్రీస్తు శకం 1వ శతాబ్దపు పెరిప్లస్ అనే సముద్ర వ్యాపార కితాబ్‌లో, ఆఫ్రికా రేవుల్లో దిగే మాల్ జాబితాలో హింద్ ఇనుము, ఉక్కు ఉన్నాయి.

అరబ్బులు హింద్ ఉక్కు కత్తికి "ముహన్నద్" అని పేరే పెట్టుకున్నారు. ఇస్లాంకు ముందటి షాయర్ తరఫా ఈ మాట వాడాడు. రసూలుల్లాహ్ సమక్షంలో కాబ్ బిన్ జుహైర్ వినిపించిన ఖసీదాలోనూ ఈ మాట ఉంది. ఇవాళ్టికీ అరబ్బు ఇళ్లలో మగపిల్లలకు ముహన్నద్ అని పేరు పెడతారు. ఆ పేరులో మన హింద్ ఉంది.

9వ శతాబ్దంలో బగ్దాద్ ఫిలాసఫర్ అల్ కిందీ కత్తుల మీద ఒక రిసాలా రాశాడు. అందులో ఒక మంచి పని చేశాడు. ఉక్కు ఏ దేశానిది, కత్తి కొట్టింది ఏ ఊళ్లో అన్నవి రెండూ వేరువేరుగా రాశాడు. సరందీబ్ ఉక్కు, కొట్టింది ఇంకోచోట. మనం అడగాల్సిన సవాల్‌ను ఆయన 1100 ఏళ్ల కిందే సరిగ్గా అడిగాడు.

ఇక మన ఊరి ముచ్చట. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. హెన్రీ వాయ్సీ అనే ఇంగ్లిష్ డాక్టర్ అక్కడి కొలుములు చూసి రాసింది 1832లో అచ్చయింది. అక్కడ ఆయనకు ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనడానికి వచ్చిన ఒక హాజీ సౌదాగర్ కనిపించాడు. ఈ ఊరు ఇరాన్‌లో అందరికీ తెలుసని, ఇలాంటి ఉక్కు చేద్దామని అక్కడ ప్రయత్నించి ఓడిపోయారని ఆ సౌదాగర్ చెప్పాడట. ఇస్ఫహాన్ ఎక్కడ, కోనసముద్రం ఎక్కడ! మన కమ్మరి హునర్ కోసం మనిషి అంత సఫర్ చేశాడు.

1790ల్లో ఈ ఉక్కు నమూనాలు లండన్ చేరాయి. మన "ఉక్కు" మాట అక్కడ "ఊట్జ్" అయింది. తర్వాత ఫారడే లాంటి సైంటిస్ట్ కూడా దీని రహస్యం కోసం కష్టపడ్డాడు. ఆ తర్వాత బ్రిటన్ కార్ఖానాల చవక ఉక్కు వచ్చింది, కత్తుల చోట తుపాకులు వచ్చాయి. ఇక్కడి కొలుములు ఆరిపోయాయి.

రెండేళ్ల కింద పని మీద అటు వెళ్లినప్పుడు కోనసముద్రంలో ఆగాను. చేను గట్టు మీద నల్లటి చిట్టెం రాళ్లు పడి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను, చూసినదానికన్నా బరువుంది. మళ్లీ అక్కడే పెట్టేశాను. బజార్‌కు పేరు మిగిలింది, కత్తి పట్టిన నవాబుకు పేరు మిగిలింది. ఆ మూస ముందు కూర్చుని చెమటోడ్చిన కమ్మరి పేరు ఏ కితాబ్‌లోనూ నాకు దొరకలేదు.

నేను ఫౌలాద్ అని చదువుకుని పెరిగాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక ఉక్కు అని రాయడం నేర్చుకున్నాను. రెండు మాటలూ ఒకే ముద్ద గురించి. ఇస్ఫహాన్ హాజీ, కోనసముద్రం కమ్మరి బేరం కుదుర్చుకోవడానికి ఒకరి మాట ఒకరు నేర్చుకునే ఉంటారు.

బేటా, నీ సవాల్‌కు నా జవాబ్ ఇదే. ఆ తల్వార్ మీద రాసిన ఖత్ ఏ దేశానిదైనా కావచ్చు. అందులోని జౌహర్ మాత్రం మన మట్టిలో, మన ఊక కలిపిన మూసలో కరిగి ఉండొచ్చు. ఈసారి మ్యూజియంకు ముందు కోనసముద్రం పోదాం.