మిశ్రలోహ నానోకణాలు (రంగునీటి శుద్ధి)

రెండు లేదా అంతకంటే ఎక్కువ లోహాలు కలిసిన, 1–100 నానోమీటర్ల పరిమాణంలోని కణాలు. అద్దకపు మురుగునీటిలోని రంగులను విడగొట్టే ఉత్ప్రేరకాలుగా వీటిపై పరిశోధనలు సాగుతున్నాయి. మానేరు ఒడ్డున మరమగ్గాలతో పాటు అద్దకం యూనిట్లూ ఉన్న సిరిసిల్ల వంటి పట్టణాలకు ఇది ముఖ్యమైన విషయం.

పనితీరు: మిథైల్ ఆరెంజ్ వంటి అజో రంగుల్లో రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య ద్విబంధం ఉంటుంది. సోడియం బోరోహైడ్రైడ్ ఇచ్చే ఎలక్ట్రాన్లను రాగి–నికెల్, బంగారం–వెండి వంటి కణాల ఉపరితలం రంగు అణువుకు చేరవేస్తుంది. బంధం తెగి, నారింజ ద్రావణం తేటబడుతుంది. 464 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ తగ్గే తీరును బట్టి చర్య వేగాన్ని లెక్కిస్తారు.

పరిమితులు: రంగు పోయినంత మాత్రాన నీరు శుద్ధమైనట్టు కాదు. మిగిలే ఆరోమాటిక్ అమీన్లలో కొన్ని విషపూరితం. వాటినీ, లోహ కణాలనూ తొలగించాకే నీటిని వాగులోకి వదలాలి.